ఓడిన ఓటుకూ నోరుంది

"ఓట్లు పడిపోయాయి కదండీ, ఇంకేటి మాట్లాడతారు?"

విశాఖ మద్దిలపాలెం అపార్టుమెంట్ల జనరల్ బాడీ మీటింగుల నుంచి ఢిల్లీ పార్లమెంటు దాకా ఈమధ్య ఏ చర్చయినా ఈ మాట దగ్గరే ఆగిపోతోంది. లిఫ్టు రిపేరు ఖర్చు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు కూడా పెట్టుకోవాలా అన్నదానికీ ఇదే జవాబు, రాష్ట్రాన్ని ఎలా విడదీయాలన్నదానికీ ఇదే జవాబు. ఎక్కువమంది ఒక పక్కకు చేరారంటే రెండో పక్కవాళ్లు సర్దుకుపోవాలట. అప్పటికీ మాట్లాడితే వాళ్లకు ప్రజాస్వామ్యమంటే గౌరవం లేదట.

ఈ వాదాన్ని దాని బలంతో సహా చెప్పుకోవడం న్యాయం. ఎక్కడో ఒకచోట మాటలు ఆగి పని మొదలవ్వాలి. మనిషికొక ఓటు అనుకున్నాక తక్కువమంది మాట నెగ్గితే వాళ్ల ఓటుకు ఎక్కువ తూకం వేసినట్టే. పైగా ఒక్కడు కాదంటే అంతా నిలిచిపోయే సభ ఎలా ఉంటుందో చరిత్రలో చూశాం. పోలండ్ పార్లమెంటులో 17వ శతాబ్దం నుంచి ఏ ఒక్క సభ్యుడు అడ్డు చెప్పినా సమావేశం మొత్తం రద్దయ్యేది. 1791 రాజ్యాంగంతో ఆ పద్ధతి తీసేసేనాటికి పొద్దుపోయింది. 1795కల్లా ఇరుగుపొరుగు రాజ్యాలు ఆ దేశాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి.

ఈ మూడూ ఒప్పుకుంటాను. మెజారిటీతో నిర్ణయం తీసుకోవడం మీద నాకు పేచీ లేదు. నిర్ణయమయ్యాక ఓడినవాడి నోటికి తాళం వెయ్యాలన్న దాని మీదే నా పేచీ. పై మూడు కారణాలూ నిర్ణయం ఎందుకు కావాలో చెబుతాయి, తాళం ఎందుకో చెప్పవు.

1. ఓటుతో తేలేది ఏం చెయ్యాలన్నదే

పదిమంది కలిసి చెప్పింది తప్పవుతుందా అని అడుగుతారు. ఎప్పుడు అవుతుందో, ఎప్పుడు కాదో 1785లోనే లెక్కగట్టి చూపించాడు ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే. ఓటు వేసే ఒక్కొక్కరూ సొంతంగా ఆలోచించి, సరైన జవాబు పట్టుకునే అవకాశం సగం కన్నా కాస్త ఎక్కువ ఉన్నవాళ్లయితే, మంది పెరిగేకొద్దీ మెజారిటీ సరైన వైపే మొగ్గుతుంది. మెజారిటీ అభిమానులు ఇంతవరకు చదివి పుస్తకం మూసేస్తారు. అదే లెక్కకు రెండో సగం ఉంది. ఒక్కొక్కరి అవకాశం సగం కన్నా తక్కువైతే మంది పెరిగేకొద్దీ తప్పే ఖాయమవుతుంది. పక్కవాడి చెయ్యి చూసి తన చెయ్యి ఎత్తేవాళ్లు వందమంది ఉన్నా ఈ లెక్కలో ఒక్కరి కిందే జమ.

పుస్తకాల్లో లెక్క అక్కర్లేదు, మనవాడి కథే ఉంది. రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు సంగతి చూడండి. 1962 డిసెంబరులో ఖరక్‌సింగ్ కేసు. ఒక మనిషి మీద పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టేవారు. ఆరుగురు జడ్జీలు విన్నారు. రాత్రిపూట ఇళ్ల మీదికి రావడం తప్పేనన్నారు గానీ, వ్యక్తిగత గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని నలుగురు తేల్చేశారు. ఆ హక్కు మనిషి స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు విడిగా తీర్పు రాశారు. ఆయనతో కలిసింది జస్టిస్ షా ఒక్కరే. నలుగురి మీద ఇద్దరు, ఓడిపోయారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనంది, ఖరక్‌సింగ్ కేసులో మెజారిటీ చెప్పింది తప్పని కొట్టేసింది. మధ్యలో 55 ఏళ్లు గడిచాయి. ఓడిన తీర్పును కూడా గెలిచిన తీర్పు పక్కనే అచ్చువేసే ఆచారం కోర్టులకు లేకపోతే ఆ తొమ్మిదిమంది దేన్ని తెరిచి చదివేవారు?

ఇదే సుబ్బారావు 1967లో గోలక్‌నాథ్ కేసులో ఐదుగురి మీద ఆరుగురి బలంతో నెగ్గారు. ఆ నెగ్గిన తీర్పు ఆరేళ్లకే, 1973లో కేశవానంద భారతి కేసులో వెనక్కి పోయింది. ఓడిన తీర్పు నిలబడింది, గెలిచిన తీర్పు పడిపోయింది. (అదే 1967లో రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల తరఫున నిలబడి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారాయన. ఓట్ల లెక్కకూ ఆయనకూ ఎందుకో పడలేదు.) ఆ కేశవానంద తీర్పు వచ్చిందీ ఆరుగురి మీద ఏడుగురి బలంతోనే. పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది చేతులెత్తినా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చలేరని ఆ ఒక్క ఓటు చెప్పింది. మెజారిటీయే సర్వస్వం అనేవాళ్లు ఈ ఒక్క ఓటును ఏం చేస్తారో నాకు తెలియదు. ఒప్పుకుంటే వాళ్ల సిద్ధాంతం పోతుంది, ఒప్పుకోకపోయినా పోతుంది.

2. ఎక్కువమంది అంటే ఎవరిలో?

ఈ ప్రశ్న వాళ్లు అడగనివ్వరు. గీత ఎక్కడ గీశామో తేలితే ఫలితం సగం అక్కడే తేలిపోతుంది గనక. తెలుగువాళ్ల రాజకీయ చరిత్రంతా ఈ గీత గొడవే.

మద్రాసు రాష్ట్రంలో తమిళుల కన్నా తెలుగువాళ్లం తక్కువ. తక్కువవాళ్లం కాబట్టి అణిగి ఉందామని మన పెద్దలు అనుకోలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దానికంటే ముందే, మనలో మనకే ఈ భయం ఉంది. సర్కారు జిల్లాలతో కలిస్తే ఓట్లలో ఎప్పటికీ నెగ్గలేమని రాయలసీమ నాయకులు వెనకాడారు. అందుకే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. మన మద్దిలపాలెం పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రస్తావన అందులో ఉంది. వాల్తేరులో ఒక కేంద్రం ఉంటే అనంతపురంలో ఇంకొకటి ఉండాలన్నారు. నదీజలాల్లో సీమకు ముందు వాటా, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే అవకాశం సీమకే ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, శాసనసభ సీట్లు జిల్లాకు సమానంగా పంచాలన్న షరతు. జనాభా లెక్కన పంచితే తాము ఎప్పటికీ తక్కువే అవుతామని వాళ్లకు తెలుసు. ప్రజాస్వామ్యం అంటే తెలియక ఆ పెద్దలు ఇవన్నీ రాసుకున్నారా?

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణ విషయంలో సరిగ్గా ఇదే పని చేసింది. ముఖ్యమంత్రి ఆంధ్రా నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి రావాలి, తెలంగాణ సభ్యులకు ప్రాంతీయ సంఘం ఉండాలి. తొలి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. విభజన నాటికి 294 మంది సభలో తెలంగాణవాళ్లు 119 మంది. ఏ సంగతి ఓటుకు పెట్టినా అవతల 175. ఈ అంకెలు చూపించి ఎన్నాళ్లు వాదించామో విశాఖలో మనకు గుర్తుండే ఉంటుంది. సభలో మెజారిటీ మాది, విభజన ఎలా చేస్తారు అన్నాం.

తర్వాత గీత జరిగింది. విభజన బిల్లును 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ మూజువాణి ఓటుతో తిప్పి పంపింది. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం రాష్ట్ర సభ అభిప్రాయం అడగాలి తప్ప దానికి కట్టుబడనక్కర్లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును, అదే మూజువాణి ఓటుతో నెగ్గించింది. ఆ సమయానికి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, మన ప్రాంత ఎంపీల్లో పలువురు సస్పెన్షన్‌లో ఉన్నారు. అన్యాయం అని గోలపెట్టాం. ఆ గోల న్యాయమైనదేనని నేను ఇప్పటికీ అంటాను. కానీ రాష్ట్రంలో ఎక్కువమందిమి ఉన్నన్నాళ్లు మెజారిటీ ధర్మమై, దేశంలో తక్కువమందిమి అయిన రోజున మెజారిటీ దౌర్జన్యమైతే, మనం నమ్ముతున్నది సిద్ధాంతాన్ని కాదు, మన బలాన్ని.

అంబేడ్కర్ ఈ తేడాను సూటిగా పట్టుకున్నారు. రాజకీయ మెజారిటీ తయారయ్యేది, ఇవాళ ఉండి రేపు పోయేది. పుట్టుకతో వచ్చే మెజారిటీ మారేది కాదు. ఇవాళ ఓడినవాడు రేపు నెగ్గే వీలుంటే ఓటు న్యాయమే. ప్రతిసారీ అదే మనుషులు, అదే తేడాతో ఓడుతుంటే అది ఓటింగు అనిపించుకోదు. జనాభా లెక్కను మళ్లీ మళ్లీ చదవడమే.

చిన్న గీతల సంగతీ ఇంతే. విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న మా పేటల్లో సగం ఫ్లాట్లలో ఉండేది అద్దెకున్నవాళ్లే. నీళ్లు రాకపోతే, లిఫ్టు ఆగిపోతే కష్టం వాళ్లది. మీటింగులో చెయ్యెత్తే హక్కు మాత్రం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఓనరుది. అక్కడ 'మెజారిటీ నిర్ణయం' అంటే ఏమిటో ఎవరైనా చెప్పాలి.

3. ఆ చేతులు ఎవరివి?

మన చట్టసభల్లో చెయ్యి ఎత్తేది సభ్యుడు, ఎత్తించేది విప్. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ మీరితే సీటు పోతుంది. ఫిరాయింపులు ఆపడానికి అది కావలసిందే అనేవాళ్లున్నారు, ఆ వాదన ఇప్పుడొద్దు. దాని ఫలితం మాత్రం ఇది: 543 మంది సభలో సొంతంగా ఆలోచించి ఓటు వేసేవాళ్లు పార్టీ అధినేతలంత మంది. కాండోర్సే పెట్టిన మొదటి షరతే ఇక్కడ లేదు.

స్థానిక సంస్థలకు వస్తే కథ ఇంకా విచిత్రం. మహా విశాఖ కార్పొరేషన్‌కు 2021 మార్చిలో ఎన్నికలయ్యాయి. 98 వార్డుల్లో వైఎస్సార్‌సీపీకి 58, తెలుగుదేశానికి 30 వచ్చాయి. నాలుగేళ్లు నిండాక, 2025 ఏప్రిల్ 19న మేయర్ గొలగాని హరి వెంకట కుమారి మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఎక్స్ అఫీషియో సభ్యులతో కలిపి ఓటర్లు 111 మంది, మూడింట రెండొంతులంటే 74. సరిగ్గా 74 ఓట్లు పడ్డాయి, మేయర్ దిగిపోయారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. ఈ మధ్యలో కార్పొరేషన్‌కు మళ్లీ సాధారణ ఎన్నికలు జరగలేదు. 2024లో ప్రజల తీర్పు మారిందిగా అంటారు. మారింది, శాసనసభకు. వార్డుకు ఇచ్చిన తీర్పు 2021లో ఇచ్చినదే. మారింది కార్పొరేటర్ల కండువాలు. నేను ఈ పార్టీ తరఫునో ఆ పార్టీ తరఫునో మాట్లాడటం లేదు. జెండాలు అటూ ఇటూ అయినా ఇదే జరిగేదని విశాఖలో ఎవరిని అడిగినా చెబుతారు. వార్డుల్లో ఓటర్లు మనసు మార్చుకున్నట్టు రుజువు లేకుండా మెజారిటీ తలకిందులైతే, ఆ మెజారిటీ ఎవరి అభిప్రాయం?

మూజువాణి ఓటు గురించి ఒక్క మాట చాలు. అందులో లెక్కే లేదు. ఎవరి గొంతు పెద్దదో కుర్చీలో ఉన్నవారు విని చెబుతారు. లెక్క మీద ఇంత భక్తి ఉన్నవాళ్లు, లెక్కించకుండా నెగ్గిన బిల్లుల జోలికి పోరేం?

4. మూడు దారులున్నచోట

రెండు పక్షాలున్నప్పుడే మెజారిటీకి ఒక అర్థం ఉంటుంది. మూడోది వస్తే లెక్కే పిచ్చెక్కుతుంది. మన రాజధాని గొడవనే తీసుకోండి. ఊరికే ఊహిద్దాం. రాష్ట్రంలో మూడు సమాన వర్గాలున్నాయి. మొదటి వర్గానికి అమరావతి ముందు, తర్వాత విశాఖ, చివర కర్నూలు. రెండో వర్గానికి విశాఖ, కర్నూలు, అమరావతి. మూడో వర్గానికి కర్నూలు, అమరావతి, విశాఖ. ఇప్పుడు రెండేసి ఊళ్లను పోటీకి పెట్టండి. అమరావతా విశాఖా అంటే మొదటి, మూడో వర్గాలు కలిసి అమరావతిని నెగ్గిస్తాయి. విశాఖా కర్నూలా అంటే మొదటి రెండు వర్గాలు విశాఖను నెగ్గిస్తాయి. అయితే అమరావతే అన్నిటికన్నా పైనుండాలి కదా? కర్నూలా అమరావతా అని అడిగి చూడండి. రెండో, మూడో వర్గాలు కలిసి కర్నూలును నెగ్గిస్తాయి. మూడుసార్లూ మూడింట రెండొంతుల మెజారిటీయే. మూడు ఊళ్లలో ప్రతిదీ ఒకసారి నెగ్గింది, ఒకసారి ఓడింది.

ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ మాట మార్చలేదు. చివరికి ఏ ఊరు నెగ్గుతుందో తేల్చేది ఏ రెండింటిని ముందు ఓటుకు పెట్టారన్నదే. అంటే ఎజెండా రాసినవాడు. ఈ చిక్కు కూడా ఆ కాండోర్సే బయటపెట్టిందే. ప్రజలు కోరుకున్నది ఇదీ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లు, ఏ ప్రశ్న ముందు అడిగారో కూడా చెప్పాలి.

5. "ఇక అంతే" అన్నవి ఎన్నాళ్లు నిలిచాయి?

మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టినవాళ్లలో ముందున్న కమ్యూనిస్టులకు నాలుగు నెలలు తిరక్కుండానే, 1955 ఎన్నికల్లో 196 సీట్ల సభలో 15 మిగిలాయి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, మళ్లీ ఒక్క ఓటుతోనే ఓడింది. స్పీకరు మన అమలాపురం బాలయోగి. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా కోరాపుట్ ఎంపీ సీటు వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా లేదా అన్నది బాలయోగి గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ఆ శరదృతువు ఎన్నికల్లో వాజ్‌పేయి తిరిగొచ్చారు.

2020 జనవరి ఇంకా దగ్గరిది. విశాఖను పరిపాలనా రాజధాని చేసే బిల్లును, అధికారపక్షానికి 151 మంది బలమున్న శాసనసభ 20న నెగ్గించింది. శాసనమండలిలో అధికారపక్షానికి బలం లేదు. బిల్లు 22న సెలెక్ట్ కమిటీకి పోయింది. 27న అసలు మండలినే రద్దు చెయ్యాలని శాసనసభ 133–0తో తీర్మానించింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, అంతకన్నా స్పష్టమైన మెజారిటీ ఉంటుందా? మరుసటి ఏడాది నవంబరు 22న ఆ బిల్లుతో వచ్చిన మూడు రాజధానుల చట్టాన్ని, 23న మండలి రద్దు తీర్మానాన్ని అదే సభ, అదే సభ్యులు వెనక్కి తీసుకున్నారు. ఈలోగా మండలిలో బలాబలాలు మారిపోయాయి. 2020లో 'మెజారిటీ చెప్పింది, నోరు మూసుకోండి' అన్న మాటే చివరి మాటై ఉంటే, 2021లో వెనక్కి తీసుకోవడానికి మండలే ఉండేది కాదు.

6. "అయితే పనులెలా జరుగుతాయి?"

జరుగుతాయి. నిర్ణయం అమలు చెయ్యడానికి ఓడినవాళ్లు మనసు మార్చుకోనక్కర్లేదు. బాకీ కడితే చాలు, చట్టం పాటిస్తే చాలు. లిఫ్టుకు డబ్బు కట్టిన గ్రౌండ్ ఫ్లోర్ ఆయన అది అన్యాయమని వచ్చే మీటింగులోనూ అనొచ్చు. అన్నంత మాత్రాన లిఫ్టు ఆగదు. ఆయన వాదన మినిట్స్ బుక్కులో నాలుగు వాక్యాలు రాస్తే అసోసియేషనుకు పోయేదేమీ లేదు. పార్లమెంటు సంయుక్త సంఘాల నివేదికలకు అసమ్మతి నోట్లు జతచెయ్యడం లేదా? రాష్ట్రాల సరిహద్దులు, హక్కులు, సంస్థల రద్దు లాంటివి మూజువాణితో తేల్చకూడదు. పేరుపేరునా లెక్కించాలి. ఎప్పటికీ తక్కువగానే ఉండిపోయేవాళ్లకు సంబంధించిన సంగతుల్లో శ్రీబాగ్ లాంటి రక్షణలు ముందే రాసుకోవాలి, రాసుకున్నవి నిలబెట్టుకోవాలి.

విశాఖ ఉక్కు సంగతి చూసినా ఇదే కనిపిస్తుంది. నూటికి నూరు శాతం వాటా అమ్మెయ్యాలని కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న నిర్ణయించింది. ఆ మేలో రాష్ట్ర శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఢిల్లీలో అది చెల్లలేదు, అక్కడి లెక్క వేరు. లోక్‌సభలో 303 మంది బలమున్న పార్టీదే నిర్ణయమని, ఇక మాట్లాడి లాభం లేదని మన ఊళ్లోనే చాలామంది అన్నారు. కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షల శిబిరం వేసిన కార్మికులు ఆ మాట వినలేదు. ఏళ్లతరబడి కూర్చున్నారు. 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అది ఆ శిబిరం వల్లే వచ్చిందని నేననను. ఆ డబ్బుతో కర్మాగారం కష్టాలు తీరిపోతాయనీ అనను. సంఖ్యాబలం చూపించి వాళ్లను 2021లోనే ఇంటికి పొమ్మన్నవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను. శిబిరం అప్పుడే ఎత్తేసి ఉంటే, ఆ నాలుగేళ్లూ ఉక్కు సంగతి ఢిల్లీకి గుర్తు చేసేవాళ్లు ఎవరుండేవారు?